క్లిక్కులు వస్తన్నాయి, డబ్బులే రాట్లేదు

(ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు శ్రోతల కోసం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం, రాతలో)

వ్యాఖ్యాత: పర్లాకిమిడి నుంచి జయపురం దాకా వింటున్న తెలుగువాళ్లందరికీ నమస్కారమండి. ఇంట్లో కూర్చుని ఫోన్లో సంపాదించడం గురించి పోయిన వారం ఒక్క మాట అన్నానో లేదో, కార్యక్రమం అయిపోయాక కూడా ఫోన్లు ఆగలేదు. అందుకే ఇవాళంతా అదే, అఫిలియేట్ మార్కెటింగ్. బరంపురం నుంచి ఒక మేడమ్ వచ్చారు. వంటింటి సామాన్ల మీద తెలుగులో వీడియోలు చేస్తారు. వాటి కింద పెట్టే లింకుల మీద వచ్చే కమిషనే ఆవిడ సంపాదన. పేరు, ఛానల్ చెప్పొద్దన్నారు.

అతిథి: చెప్తే ప్రచారానికి వచ్చానంటారండీ. సంపాదన అంటే మరీ ఎక్కువ ఊహించుకోకండి. కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు వెళ్లిపోతాయి, అంతే.

వ్యాఖ్యాత: అసలు ఈ పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్పండి.

అతిథి: ఒక కంపెనీ సరుకు గురించి మీరు నలుగురికీ చెప్తారు. మీ పేరు మీద ఒక లింకు ఉంటుంది. దాన్ని నొక్కి ఎవరైనా కొంటే, కంపెనీ తన లాభంలోంచి మీకు కొంత ఇస్తుంది. కొన్నవాడికి ధర పెరగదు. అమెజాన్ ఈ పద్ధతి 1996లోనే పెట్టింది, కొత్తదేం కాదు.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్. హలో?

శ్రోత (పర్లాకిమిడి): నమస్తే మేడమ్. డిగ్రీ ఫైనలియర్ అండి. అమెజాన్‌లో అసోసియేట్ అనే లింకుల ఖాతా తీసాను. ఏ ఆఫరు వచ్చినా లింకు చేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తన్నాను. క్లిక్కులు బానే వస్తన్నాయి, డబ్బులే రాట్లేదు. మా ఇంట్లోకి నా లింకు మీదే మిక్సీ కొన్నాను, మావయ్యకి ఫోను కూడా నేనే ఆర్డరు పెట్టాను. అవీ లెక్కలోకి రాలేదండి.

అతిథి: అవి రావు నాన్నా. నీ కోసమో నీవాళ్ల కోసమో నువ్వే కొంటే కమిషన్ ఉండదు. షరతుల్లోనే రాసుంది. చదవకుండా 'ఒప్పుకుంటున్నా' నొక్కేసుంటావు.

శ్రోత: (నవ్వు) అంతేనండి.

అతిథి: ఇంకోటి. నీ లింకు నొక్కాక 24 గంటలే నీ పేరు మీద లెక్క. ఆ లోపు కొనాలి. పోనీ కార్టులో వేసుకున్నా పర్లేదు, ఆ వస్తువుకి దాదాపు మూడు నెలలు టైమ్ ఉంటుంది. ఈ మధ్యలో వాళ్లు ఇంకొకడి లింకు నొక్కితే నీది పోయినట్టే. గ్రూపుల్లో ఏమవుతుంది? పొద్దున్న నీ లింకు, మధ్యాహ్నం ఇంకొకడిది, సాయంత్రం మరొకడిది. పైగా నువ్వు లింకులు ఎక్కడ పెడతావో ఆ పేజీనో ఛానలో ఖాతాలో నమోదు చెయ్యాలి. సొంత గ్రూపుల్లో ఊరికే పడేస్తే ఖాతాకే ముప్పు.

శ్రోత: ఆరు నెలలే టైమంటన్నారు, నిజమేనాండి?

అతిథి: 180 రోజుల్లో కనీసం 3 అమ్మకాలు అవ్వాలి. లేకపోతే ఖాతా మూసేస్తారు. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, దాని గురించి బెంగ వద్దు. నేనడిగేది వేరే. ఏ వస్తువు గురించయితే పది నిమిషాలు ఆపకుండా మాట్లాడగలవు?

శ్రోత: వస్తువంటే... క్రికెట్ బ్యాట్లండి. టెన్నిస్ బంతితో ఆడేవి.

అతిథి: ఏది మంచిదో నీకు ఎలా తెలుస్తుంది?

శ్రోత: బ్యాటు అడుగున వేలితో కొట్టి చూస్తే సౌండు తెలిసిపోద్దండి. కశ్మీర్ విల్లో అయితే గట్టిగా, మోగుతున్నట్టుంటది. పాప్లర్ చెక్కది మెత్తగా ఉంటది, నెల తిరక్కుండా అంచు పగిలిపోద్ది. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయండి.

అతిథి: చూశారా! ఫొటోలో ఒకేలా ఉంటాయన్నాడు. కొనేవాడి భయమంతా అదే కదా. ఆ సౌండు వీడియోలో వినిపించు. నాలుగు బ్యాట్లు పక్కపక్కన పెట్టి కొట్టు. దాని కింద పెట్టే ఒక్క లింకు, నువ్వు గ్రూపుల్లో పడేసిన వంద లింకుల కన్నా ఎక్కువ తెస్తుంది.

శ్రోత: నాకు హిందీ సరిగ్గా రాదండి. ఒడియా మాట్లాడతాను గానీ...

వ్యాఖ్యాత: ఒరే బాబూ, వాడుక భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామ్మూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. అక్కడుండి తెలుగులో మాట్లాడడానికి మొహమాటమేమిటి?

అతిథి: అవును, శ్రీకాకుళం వాడూ చూస్తాడు, ఆదిలాబాద్ వాడూ చూస్తాడు. ఒక్క పని మాత్రం చెయ్యి. ఖాతాలో ట్రాకింగ్ ఐడీ అని ఉంటుంది, ఒకటికన్నా ఎక్కువ విడివిడిగా చేసుకోవచ్చు. వీడియోకొకటి పెట్టుకుంటే ఏ వీడియో అమ్మిందో నెలాఖరుకి తెలిసిపోతుంది. డబ్బు మాత్రం వెంటనే పడదు, వాపసు గడువులవీ దాటి రెండు నెలలు పడుతుంది. సరుకు తిరిగి వెళ్తే కమిషనూ పోతుంది.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్. హలో... కాశీనగర్ నుంచా? వినిపించట్లేదండి... కట్టయింది. మళ్లీ చెయ్యండి. రాయగడ లైన్‌లో ఉన్నారు.

శ్రోత (రాయగడ): నమస్కారమండి... మా ఊరు చెప్పొచ్చు గానీ పేరు అడక్కండి.

వ్యాఖ్యాత: అడగమమ్మా. చెప్పండి.

శ్రోత: ఇన్‌స్టాలో ఒకావిడ పరిచయమైందండి. అఫిలియేట్ కోర్సు అంది. 6,000 కట్టాను. వీడియోలు ఇచ్చారు, సర్టిఫికెట్టూ వచ్చింది. ఇప్పుడు నా లింకు మీద ఎవరైనా చేరితే మనిషికి 3,000 ఇస్తామన్నారు. మా ఆడపడుచుని చేర్పించాను. పక్కింటావిడని కూడా. మొదటి 3,000 వచ్చాయి. రెండోది రాలేదు. అడిగితే, మీ టూల్ కిట్టు పాతదైంది, 12,000 పెట్టి పెద్దది తీసుకోండి, అప్పుడే విడుదలవుతుంది అంటన్నారు.

అతిథి: కట్టారా అమ్మా?

శ్రోత: లేదండి. బంగారం కుదువ పెట్టి కడదామని రేపు... ఆయనకి తెలీదు.

అతిథి: ఆ బంగారం బయటికి తియ్యకండి. ముందు నేనడిగిన దానికి జవాబు చెప్పండి. ఈ కోర్సు, మనుషుల్ని చేర్పించడానికి తప్ప వేరే దేనికైనా పనికొచ్చిందా? బయటివాడెవడైనా దానికోసం కొన్నాడా?

శ్రోత: ...లేదండి. చేరినవాళ్లందరూ ఇంకొకళ్లని చేర్చడానికే.

అతిథి: అయితే అది అఫిలియేట్ కాదు. మీకొచ్చిన 3,000 మీ ఆడపడుచు కట్టిందే. ఇలాంటి గొలుసులని 1978 నాటి చట్టం నిషేధించింది, 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలూ వద్దన్నాయి. అసలైన అఫిలియేట్ పనిలో చేరడానికి రూపాయి కట్టక్కర్లేదు. అమెజాన్ అడగదు, ఎర్న్‌కరో లాంటి లింకుల యాప్‌లూ అడగవు. మీ డబ్బు ముందు అటు వెళ్తోందంటే అక్కడే ఆగిపోవాలి.

శ్రోత: టూల్స్ లేకపోతే పని జరగదంటన్నారు.

అతిథి: నేను వాడే టూల్స్ చెప్తాను వినండి. జనం ఏం వెతుకుతున్నారో చూడ్డానికి గూగుల్ ట్రెండ్స్, ఉచితం. వీడియో మీద పెట్టే బొమ్మకి కాన్వా, ఉచితంగా వచ్చేది చాలు. లింకు చెయ్యడానికి అమెజాన్ వాళ్లదే సైట్‌స్ట్రైప్ అనే పట్టీ, అదీ ఉచితమే. మిగతాది ఫోన్ కెమెరా, కిటికీ దగ్గర వెలుతురు. 12,000 కిట్టులో వీటికన్నా ఏముంటుందమ్మా?

వ్యాఖ్యాత: ఇప్పుడావిడ ఏం చెయ్యాలి?

అతిథి: కార్యక్రమం అయ్యాక 1930కి ఫోన్ చెయ్యండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది. చాట్లు చెరిపెయ్యకండి, కోపంలో బ్లాకు చేసెయ్యకండి. ఏ రోజు ఏ యూపీఐకి ఎంత పంపారో, ప్రతి చెల్లింపుకీ ఉండే యూటీఆర్ నంబరుతో సహా కాగితం మీద రాసుకోండి. పక్కింటావిడ చేత కూడా విడిగా ఫిర్యాదు పెట్టించండి. ఇంకో మాట. 'ఇతరుల కమిషన్లు మీ ఖాతాలో వేస్తాం, మీరు ముందుకు పంపండి' అన్నారా?

శ్రోత: అడిగారండి. ఒక్కసారి కూడా చెయ్యలేదు.

అతిథి: చెయ్యకండి. అలా తిప్పితే దొంగసొమ్ము కింద మీ ఖాతా స్తంభించిపోతుంది, కేసు మీ మీదకి వస్తుంది. ఇంట్లో మాత్రం ఇవాళే చెప్పండి. ఆయన కోప్పడతారేమో. 12,000 పోయాక చెప్పడం కన్నా, పోకముందు చెప్పడం తేలిక కదా.

శ్రోత: ...చెప్తానండి. ఆడపడుచుకి మొహం ఎలా చూపించాలో.

వ్యాఖ్యాత: ఆవిడకీ మీ నోటితోనే ముందు తెలియనివ్వండమ్మా. మీ నంబరు మా దగ్గరే ఉంటుంది, ఎల్లుండి మేమే ఫోన్ చేస్తాం. తర్వాత బరంపురం.

శ్రోత (బరంపురం): హాయ్ అండి. ఇన్‌స్టాలో నా రీల్స్‌కి బాగానే ఫాలోవర్లున్నారు. ఒక గేమింగ్ యాప్ వాళ్లు లింకిస్తామన్నారు. మన లింకు మీద చేరి డబ్బు వేసినవాళ్ల మీద కమిషన్. లెక్క చూస్తే అమెజాన్ కంటే చాలా ఎక్కువండి.

అతిథి: డబ్బు పెట్టి ఆడే గేమా?

శ్రోత: రమ్మీ లాంటిది. స్కిల్ గేమ్ అంటన్నారు.

అతిథి: ముట్టుకోకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. స్కిల్ అన్నా, అదృష్టం అన్నా తేడా లేదు. ప్రచారం చేసినవాళ్లకి 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద ఎంతమంది పేరున్నవాళ్లని స్టేషన్లకి తిప్పారో చూశారుగా. కమిషన్ అంత ఎక్కువ ఎందుకిస్తున్నారో ఆలోచించండి. మీ ఫాలోవరు పోగొట్టుకున్న దాంట్లోంచే మీ వాటా.

శ్రోత: వాళ్లు పొరుగుదేశం కంపెనీ అండి.

అతిథి: వాళ్లు పొరుగుదేశమే, మీరు గాంధీనగర్‌లోనో లంజిపల్లిలోనో ఉంటారు. పోలీసులు ఎవరింటికి వస్తారు?

వ్యాఖ్యాత: (నవ్వు) జయపురం నుంచి ఒక మాస్టారు.

శ్రోత (జయపురం): నేను రిటైర్డు టీచర్నండి. కొరాపుట్ కాఫీ మీద, కాలాజీరా బియ్యం మీద చిన్న చిన్న వీడియోలు పెడుతున్నాను. ట్యాక్సు సంగతి చెప్పండమ్మా.

అతిథి: క్లుప్తంగా చెప్తాను మాస్టారూ. ఏడాదికి ఒక కంపెనీ నుంచి మీ కమిషన్ 20,000 దాటితే 2 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకుంటారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. పట్టుకున్నది రిటర్ను వేసి సర్దుకోవచ్చు. దాటకపోయినా పెన్షన్‌తో పాటు రిటర్నులో చూపించండి. 20 లక్షల దాకా జీఎస్టీ గొడవ లేదు.

శ్రోత: 20 లక్షలా! (నవ్వు) అక్కడిదాకా ఆయుష్షు కావాలి.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్, గుణుపురం.

శ్రోత (గుణుపురం): నమస్తే అండి. స్ప్రేయర్లు, మోటార్లు రిపేరు చేసే షాపు మాది. ఇక్కడ పత్తి రైతులెక్కువ కదా. నేనేటనుకున్నానంటే, బ్యాటరీ స్ప్రేయర్ల మీద వీడియోలు పెట్టి లింకిస్తే? కానీ ఆన్‌లైన్‌లో కొనెయ్యండని నేనే చెప్తే నా షాపు గిరాకీ పోదేటి?

అతిథి: మంచి ప్రశ్న అన్నయ్యా. మీ ఊరివాడికి లింకు ఇవ్వకండి, వాడు షాపుకే వస్తాడు. వీడియో చూసేది కర్నూలులోనో ఖమ్మంలోనో ఉన్న రైతు. అతను ఎలాగూ మీ షాపుకి రాడు. సరే, మీ దగ్గరికొచ్చే స్ప్రేయర్లలో ఎక్కువగా ఏం పాడవుతుంది?

శ్రోత: బ్యాటరీయేనండి. సీజన్ అయిపోగానే ఛార్జింగు పెట్టకుండా మూల పడేస్తారు. ఏడాది తిరిగేసరికి అది చచ్చిపోద్ది. నెలకోసారి ఛార్జింగు పెడితే చాలు. తర్వాత ట్రిగ్గరు దగ్గర వాషరు, అది కారి మందు చేతికి అంటుకుంటది. ప్లాస్టిక్ నాజిల్ అరిగిపోతే పిచికారీ సన్నగా పడదు, చుక్కలు చుక్కలుగా పడతాది.

అతిథి: ఇప్పుడు చెప్పింది ఏ కంపెనీ ప్రకటనలోనూ ఉండదు. మొదటి వీడియో కొత్తది కొనమని కాదు, పాతదాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పండి. దాని కింద నాజిల్‌కి, వాషర్ల సెట్టుకి లింకులు పెట్టండి. కమిషన్ పైసల్లో ఉంటుంది, పర్లేదు. ఆ రైతే వచ్చే సీజన్‌కి కొత్త స్ప్రేయరు ఏది కొనాలని కామెంట్లో మిమ్మల్నే అడుగుతాడు.

శ్రోత: 'ఈ లింకు మీద కొంటే నాకు కమిషన్ వస్తాది' అని చెప్పాలంటారా? చెప్తే కొంటారా మరి?

అతిథి: చెప్పి తీరాలి. 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రచారమైతే 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. అమెజాన్ కూడా రాయమంటుంది. కింద ఎక్కడో చిన్నగా దాచకండి, వీడియో మొదట్లోనే అనెయ్యండి. నేను 'నాకు నాలుగు రూపాయలొస్తాయి, మీకు ధర మారదు' అంటాను. ఇంతవరకు ఎవరూ అలగలేదు.

శ్రోత: ధర ఎంతో చెప్పొచ్చా?

అతిథి: వద్దు, రోజూ మారుతుంది. మొన్న మీరన్న ధర ఇవాళ లేకపోతే మీరే అబద్ధమాడారంటారు. రాతలో కూడా ధర వెయ్యనివ్వరు. 'లింకులో చూసుకోండి' అనండి.

శ్రోత: ఫ్లిప్‌కార్ట్‌వి నేరుగా యూట్యూబ్‌లోనే పెట్టొచ్చంట కదా?

అతిథి: 2024 అక్టోబరులో ఫ్లిప్‌కార్ట్, మింత్రాలతో మొదలైంది. కానీ దానికి కొంతమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలన్న షరతుంది. అది తర్వాత సంగతి.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోతోంది. అన్నయ్యా, మొదటి వీడియో ఎప్పుడు తీస్తారు?

శ్రోత: రేపు ఎలాగూ మూడు స్ప్రేయర్లు రిపేరుకి ఉన్నాయండి. మా అబ్బాయి ఫోను పట్టుకుంటాడు.

అతిథి: విప్పేటప్పుడు మాటలు తగ్గించి, ఆ అరిగిన నాజిల్‌నీ కొత్తదాన్నీ రెండూ దగ్గరగా చూపించమనండి. నీళ్లతో కొట్టి చూపించండి, మందుతో వద్దు, పిల్లాడు పక్కనుంటాడు కదా.