ఒక ప్రశ్నకు ఒకే పేజీ

అందరికీ నమస్కారం.

సెర్చ్‌లో పైకి రావడం అనగానే చాలామంది అడిగేది ఒకటే: "ఇంకా ఎన్ని పేజీలు రాయాలి?" నేను మాత్రం ముందు ఇంకొకటి అడుగుతాను. ఇప్పటికే రాసినవాటిలో ఏ పేజీ ఎవరి కోసం రాశారో చెప్పగలరా? దీనికి జవాబు లేకుండా కొత్త పేజీలు చేర్చుకుంటూ పోతే మేలు కన్నా చేటే ఎక్కువ.

సైకిల్ రిపేర్ల మీద ఒక సైట్ ఉందనుకుందాం. మొదట్లో 'చైన్ ఊడిపోతే ఏం చేయాలి' అని ఒక పేజీ పెట్టారు. ఏడాది తర్వాత 'చైన్ జారడానికి కారణాలు' అని ఇంకొకటి. ఆ సంగతి మరిచిపోయి 'చైన్ సమస్యలు, పరిష్కారాలు' అని మూడోది. మూడూ ఒకే మనిషి కోసమే. రోడ్డు పక్కన సైకిల్ ఆపి, గ్రీజు చేతులతో ఫోన్‌లో వెతుకుతున్న మనిషి కోసం. ఏ పేజీ తెరిచినా అతనికి సగం జవాబే దొరుకుతుంది. ఏది చూపించాలో సెర్చ్ ఇంజిన్‌కూ తేలదు. ఒకరోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి చూపిస్తుంది. మిమ్మల్ని మెచ్చి బయటివాళ్లు ఇచ్చిన లింకులు కూడా మూడు చోట్లకు చీలిపోతాయి.

ఇలాంటప్పుడు మూడింటిలో బాగున్నదాన్ని ఉంచండి. మిగతా రెండింటిలో పనికొచ్చే విషయాన్ని అందులోకి తెచ్చి, ఆ పాత అడ్రసులను 301 రీడైరెక్ట్‌తో దీనికి కలపండి. అంటే పాత అడ్రసుకు వచ్చినవాళ్లు ఇకపై ఎప్పటికీ నేరుగా ఈ పేజీకే చేరేలా ఏర్పాటు చేయండి. ఊరికే డిలీట్ చేస్తే, పాత లింకు పట్టుకుని వచ్చినవాళ్లకు 'పేజీ దొరకలేదు' అన్న మాటే కనిపిస్తుంది. రాసిన పేజీని తీసేయడానికి మనసొప్పదు, నిజమే. కానీ అందులోని మంచి మాట ఎక్కడికీ పోవడం లేదు, ఉండాల్సిన చోటికి చేరుతోంది.

ఇక లింకులు. 1998లో స్టాన్‌ఫోర్డ్‌లో చదువుతున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్ అనే పద్ధతిని వివరిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. ఒక పేజీకి ఎన్ని లింకులు వస్తున్నాయి, అవి ఎంత విలువైన పేజీల నుంచి వస్తున్నాయి అన్నదాన్ని బట్టి దాని విలువ కట్టడమే అందులోని ఆలోచన. ఈరోజు గూగుల్ ఇంకా ఎన్నో విషయాలు చూస్తుంది. అయినా లింకుల విలువ పోలేదు. ఇది మన సైట్ లోపలి లింకులకూ వర్తిస్తుంది. హోమ్‌పేజీ నుంచి, పాఠకులు ఎక్కువగా వచ్చే పేజీల నుంచి మీరు దేనికి దారి చూపిస్తే, అదే మీకు ముఖ్యమని సెర్చ్ ఇంజిన్‌కు అర్థమవుతుంది. ఏ పేజీ నుంచీ దారి లేని పేజీని అనాథ పేజీ అంటారు. పేరు తగినట్టే ఉంది.

"సైట్‌మ్యాప్ పెట్టాం కదా" అంటారు కొందరు. సైట్‌లోని పేజీల అడ్రసులను సెర్చ్ ఇంజిన్‌కు అందించే జాబితా అది. పెట్టండి, తప్పులేదు. ఒక్క సైట్‌మ్యాప్ ఫైల్‌లో 50,000 అడ్రసుల దాకా పెట్టొచ్చు. కానీ ఫలానా పేజీ ఉందని మాత్రమే అది చెబుతుంది. బ్రేకుల పేజీకీ బ్రేక్ వైరు పేజీకీ ఉన్న చుట్టరికం చెప్పదు. అది చెప్పేది మీరు వాక్యం మధ్యలో ఇచ్చే లింకే. ఆ లింకు మీద 'ఇక్కడ క్లిక్ చేయండి' అని కాకుండా 'బ్రేక్ వైరు బిగించే పద్ధతి' అని రాయండి. ఏముందో తెలిశాక నొక్కడం పాఠకుడికీ సుఖం.

పేజీ లోపల అడిగినదానికి జవాబు ముందు చెప్పండి, వివరం తర్వాత. చైన్ ఎక్కించడం ఎలాగో చెప్పడానికి ముందు సైకిల్ చరిత్ర ఎందుకు? హెడింగులను అక్షరాలు పెద్దగా కనిపించడం కోసం వాడకండి. కింద ఏముందో అవి చెప్పాలి. పాఠకుడికి కనిపించకుండా పేజీ కోడ్‌లో పెట్టే మెటా కీవర్డ్స్ మీద మాత్రం టైమ్ పెట్టొద్దు. ర్యాంకింగ్‌కు వాటిని వాడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. గూగుల్ ఇప్పుడు మీ సైట్ మొబైల్ రూపాన్నే చదివి ఇండెక్స్ చేస్తుంది, అంటే తన జాబితాలో చేర్చుకుంటుంది. చిన్న స్క్రీన్‌లో ఇరుకుగా ఉందని మొబైల్ పేజీలోంచి రెండు పేరాలు తీసేశారంటే, గూగుల్ లెక్కలో ఆ పేరాలు లేనట్టే.

ఇంటికెళ్లాక ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో వరుసలో ఒక్కో పేజీ అడ్రసు, దాని పక్కన ఆ పేజీ జవాబిచ్చే ప్రశ్న. ఒకే ప్రశ్న రెండుసార్లు వస్తే అవి కలపాల్సిన పేజీలు. ప్రశ్న రాయలేకపోతే ఆ పేజీ ఎందుకుందో మళ్లీ ఆలోచించాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, రోజులు పడుతుంది. కానీ నేను ఏ సైట్ పని మొదలుపెట్టినా ముందు చేసేది ఇదే.

పేజీలు కలిపిన కొత్తలో ర్యాంకులు కొంత అటూఇటూ అవుతాయి. టెన్షన్ పడి వెంటనే పాత పద్ధతికి తిప్పేయకండి. క్రాలర్, అంటే పేజీలు చదువుతూ తిరిగే సెర్చ్ ఇంజిన్ ప్రోగ్రామ్, ఆ పేజీలన్నీ మళ్లీ చూసి వెళ్లాలి, దానికి వారాలు పట్టొచ్చు. రీడైరెక్టులను కనీసం ఒక ఏడాది అలాగే ఉంచండి.

ఇక మీ సైట్ల గురించి అడగండి, ఒక్కొక్కటీ తెరిచి చూద్దాం.