బొమ్మలో అక్షరాలు మార్చేటప్పుడు

సభకు, విజయనగరంలో సంఘాల తరఫున వార్తాలేఖలు తయారుచేస్తున్న మిత్రులందరికీ నమస్కారం.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది కనుక తేదీ ప్రతి సంవత్సరమూ మారుతుంది. మనలో చాలామంది నిరుటి బొమ్మనే తెరిచి, పాత తేదీ మీద రంగు పట్టీ పూసి, కొత్త తేదీ వేసి పంపేస్తుంటారు. ఈ అలవాటును మానుకోవాలని కోరడానికే నేను వచ్చాను.

జేపెగ్‌ అనే ఫైలు రూపంలోకి మార్చిన బొమ్మలో అక్షరాలు రంగు చుక్కలుగా మిగులుతాయే తప్ప, మళ్లీ దిద్దుకునే పాఠ్యంగా ఉండవు. ఆ పద్ధతి బొమ్మను 8×8 చుక్కల గడులుగా విడదీసి, కంటికి అంతగా ఆనని వివరాన్ని వదిలేస్తూ కుదిస్తుంది కాబట్టి, దిద్ది భద్రపరిచిన ప్రతిసారీ మరికొంత స్పష్టత పోతుంది. ఆకాశంలోనో పొలంలోనో ఆ నష్టం తెలియదు గానీ అక్షరాల అంచుల దగ్గర మసకగా బయటపడుతుంది. తెలుగులో ఒత్తులు చిన్నవి కనుక ముందు దెబ్బతినేవి అవే. అందుకే అక్షరాలు వేరే లేయరులో (విడిగా దిద్దగల పొరలో) ఉన్న మూల ఫైలును తప్పక దాచండి, పంపే ప్రతిని స్పష్టత తగ్గకుండా కుదించే పీఎన్‌జీగా తీయండి. మూల ఫైలు దొరకకపోతే అతుకులు వేయడం కంటే, అసలు ఫొటో సంపాదించి అక్షరాలు కొత్తగా కూర్చడమే మేలు.

ఫొటోషాప్‌లో (ముఖ్యంగా పాత వెర్షన్లలో) దక్షిణాసియా లిపులకు తగిన అమరిక ఎంచుకోకపోతే ‘ఉత్సవం’లోని సకారపు ఒత్తు విడిపోయి, పొల్లుతో తకారం, పక్కన సకారం నిలుస్తాయి. ఇంక్‌స్కేప్‌ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఈ చిక్కు రాదు. డీటీపీ వారు ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలో ఇచ్చిన పాఠ్యాన్ని, ఏ పరికరంలోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చాకే వాడండి. మన ప్రాంతపు మహనీయుల పేర్లతో ఉన్న గురజాడ, గిడుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని మన పత్రికలలో చూడాలని నాకెంతో కోరిక.

చూపులేనివారికి వార్తాలేఖను చదివి వినిపించే స్క్రీన్ రీడర్, వర్ణన జతచేయని బొమ్మలోని సంగతిని సాధారణంగా చెప్పలేదు. కొన్ని మెయిల్ పెట్టెలలో అనుమతిస్తే గాని బొమ్మలు తెరుచుకోవు. కాబట్టి తేదీ, వేళ, స్థలం బొమ్మలో ఎంత అందంగా కూర్చినా, దాని కిందనే మామూలు వాక్యంగా మరోసారి రాయండి. తేదీ మారినప్పుడు ముందుగా ఆ వాక్యాన్ని సరిచేసి, ఆ తర్వాత బొమ్మను దానితో సరిపోల్చుకోండి.