ఒక కిలో హైడ్రోజన్ లెక్క

అందరికీ నమస్కారం.

2022 మార్చి 30న కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ గారు హైడ్రోజన్‌తో నడిచే టయోటా మిరాయ్ కారులో పార్లమెంటుకు వచ్చారు. పెట్రోలు లేదు, పొగ లేదు, గొట్టంలోంచి వచ్చేది నీళ్లే. అప్పటి నుంచి నన్ను చాలామంది అడుగుతున్నారు: "సార్, ఎలక్ట్రిక్ కారు కొనాలా, హైడ్రోజన్ కారు వచ్చేదాకా ఆగాలా?" ఆగొద్దనే చెబుతాను. ఎందుకో ఒక్క కిలో హైడ్రోజన్‌తో లెక్క వేద్దాం.

ఆ కిలోని నీళ్లలోంచి విడదీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. మామూలుగా వదిలేస్తే అది 11 వేల లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మన మేడల మీద ఉండే వెయ్యి లీటర్ల ట్యాంకులు పదకొండన్నమాట! కారులో పట్టాలంటే 700 బార్ల ఒత్తిడికి నొక్కాలి. టైరులో మనం కొట్టించే గాలికి 300 రెట్ల పైమాటే. అలా నొక్కడానికి మళ్లీ కరెంటే. ఇంతా చేస్తే ఆ కిలోతో మిరాయ్ 110 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా వెళ్తుంది. అదే 50 యూనిట్లు నేరుగా బ్యాటరీకి ఎక్కిస్తే మామూలు ఎలక్ట్రిక్ కారు 300 కిలోమీటర్లు పోతుంది.

బంకుల సంగతి ఇంకా కష్టం. కాలిఫోర్నియాలో షెల్ కంపెనీ 2024లో తన కార్ల హైడ్రోజన్ బంకులన్నీ మూసేసింది. బంకు లేక కారు కొనరు, కార్లు లేక బంకు నడవదు.

ఇంకో మాట. ఈ రోజు ప్రపంచంలో తయారవుతున్న హైడ్రోజన్‌లో చాలా భాగం సహజ వాయువు, బొగ్గుల నుంచి వస్తున్నదే. గ్యాసు నుంచి ఒక కిలో తీస్తే తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. గొట్టంలోంచి నీళ్లు కారినంత మాత్రాన బండి శుభ్రమైనదని నేను ఒప్పుకోను.

మరి దీనికి చోటే లేదా? ఉంది. బరువు మోస్తూ రోజంతా ఆగకుండా తిరిగే లారీలకు బ్యాటరీ బరువు ఇబ్బందే. అక్కడ ప్రయత్నించి చూడాల్సిందే. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో ఇండియన్ ఆయిల్ హైడ్రోజన్ బస్సులను ప్రయోగాత్మకంగా రోడ్డెక్కించింది.

మన అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీళ్లలోంచి తీసే హైడ్రోజన్) హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడి హైడ్రోజన్ మన కార్లలోకి రావాలని చాలామంది ఆశ. నా కోరిక వేరు. యూరియాకు కావాల్సిన అమ్మోనియాను మనం ఇప్పటికీ సహజ వాయువు హైడ్రోజన్‌తోనే చేస్తున్నాం. అక్కడ హైడ్రోజన్‌కు బదులు బ్యాటరీ పెట్టలేం. అందుకే మొదటి టన్ను ఎరువుల ఫ్యాక్టరీకే వెళ్లాలి.