పలికేది ఒకటే రైట్, రాసేవి నాలుగు

[స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో: రైట్]

ఈ మాటని ఇంగ్లిష్‌లో రాయమంటే ఎలా రాస్తారు? ఆర్‌తో మొదలుపెట్టి మధ్యలో జీహెచ్ వేస్తే కుడి, లేదా కరెక్ట్, లేదా హక్కు. డబ్ల్యూతో మొదలుపెట్టి చివర ఈ పెడితే రాయడం. ఆర్ఐటీఈ అంటే పెళ్లిలోనో కర్మకాండలోనో చేసే తంతు. ఇంకోటి ఉంది, డబ్ల్యూ, జీహెచ్ రెండూ ఉన్న రైట్, అంటే తయారుచేసేవాడు. నాటకాలు రాసేవాణ్ని ప్లేరైట్ అనేది ఈ రైట్‌తోనే, కానీ రాయడమే కదా అనుకుని స్పెల్లింగ్ తప్పు రాసేవాళ్లు బోలెడు మంది.

పలకడం ఒకటే అయినా అర్థాలు వేరయ్యే ఇలాంటి మాటల్నే హోమోనిమ్స్ అంటారు. పుస్తకాల్లో వీటికి ఇంకా చాలా పేర్లున్నాయి, వాటి జోలికి పోవద్దు. బ్యాట్ లాంటివి మనకు పెద్ద కష్టం కాదు, కోహ్లీ చేతిలో ఉన్నదేదో చెట్టుకి తలకిందులుగా వేలాడేదేదో ఎవరికైనా తెలుస్తుంది. కరము అంటే చేయి, కిరణం, పన్ను, తొండం అని నానార్థాలు బట్టీ పట్టినవాళ్లమే కదా.

టెన్షన్ అంతా పలకడం ఒకటై రాయడం వేరైన వాటితోనే. తెలుగులో రెండు రకాలుగా రాశామంటే దాదాపుగా రెండు రకాలుగా పలుకుతామనే. ఇంగ్లిష్ కూడా ఒకప్పుడు చాలావరకు అంతే, నమ్మండి! గుర్రమెక్కిన యోధుడు నైట్ ముందు ఆ కె ఊరికే పెట్టలేదు, పాత ఇంగ్లిష్‌లో నిజంగానే ‘క్నిహ్ట్’ అనేవాళ్లు, రాత్రిని ‘నిహ్ట్’ అనేవాళ్లు, తర్వాత ఆ గొంతు శబ్దాన్నే జీహెచ్ అని రాశారు. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగులు కుదురుకుపోయాయి గానీ నాలుక ఆగదు కదా, ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్లలో ఆ క, ఆ హ రెండూ మాటలోంచి జారిపోయి, కాగితం మీద మాత్రం మిగిలిపోయాయి.

ఇవి చాలవన్నట్టు మనం సొంతంగా ఇంకొన్ని తయారుచేసుకున్నాం. ద్రాక్షతీగ వైనే, ద్రాక్షసారా కూడా వైనే. బనియన్ వెస్టే, పడమర కూడా వెస్టే. మనకున్నది ఒకే ‘వ’ మరి. వాళ్లకి ఇవి వేరువేరు: పై పళ్లు కింది పెదవికి తగిలితే వి, పళ్లు తగలకుండా ఈల వేసేటప్పటిలా పెదాలు గుండ్రంగా ముడిస్తే డబ్ల్యూ. అద్దం ముందు నిలబడి ఒకసారి అని చూడండి, తేడా కళ్లకే కనిపిస్తుంది.

మరి అచ్చంగా ఒకేలా వినిపించేవాటిని పట్టుకునేదెలా? చెవిని వదిలేసి పక్క మాటని చూడాలి, ఇంతకు మించిన ఉపాయం లేదు. దేర్ తర్వాత ఇల్లో కారో వస్తే అది ‘వాళ్ల’ అనే దేర్. ఈజ్, ఆర్, వాజ్ వస్తే ‘అక్కడ’ అనే దేర్. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే లిసనింగ్‌లో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, పైగా స్పెల్లింగ్ తప్పితే ఆ మార్కు పోయినట్టే. ఆడియోకి ముందు ఇచ్చే కాస్త టైమ్‌లో ఖాళీకి అటూ ఇటూ ఏముందో చూసుకోండి. కన్‌స్ట్రక్షన్ అని ఉందా, అయితే అది ఎస్ఐటీఈ సైట్, చూపుకి సంబంధించిన సైట్ కాదు.

ఇంగ్లిష్ వాళ్లే పప్పులో కాలేసేది కూడా ఒకటుంది. రీడ్‌కి భూతకాలం రెడ్, స్పెల్లింగ్ మాత్రం మారదు. ఆ ఊపులో లీడ్‌కి కూడా అంతే అనుకుని ఎల్ఈఏడీ అనే రాసేస్తారు, కానీ నడిపించాడు అనే లెడ్‌కి ఏ ఉండదు, ఎల్ఈడీ అంతే. ఏ ఉంచి లెడ్ అని చదివితే సీసం! సీసం కూడా సరైన మాటే కాబట్టి మామూలు స్పెల్‌చెక్ దాని కింద ఎర్రగీత గీయదు.