ఓవర్‌రెవ్ రిపోర్ట్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

[దృశ్యం: బరంపురం. పొద్దున్నే సగం ఎత్తిన షెడ్డు షట్టర్. బెంచీ మీద ల్యాప్‌టాప్, పక్కన టీ గ్లాసు.]

నమస్కారం. పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, విశాఖలో పోర్షే 911 దొరికింది. 997 తరం కరెరా, మాన్యువల్. పెయింట్ అద్దంలా ఉంది. రేపే అడ్వాన్స్ పంపించేస్తాను” అన్నాడు. “ఆగరా, ఓవర్‌రెవ్ రిపోర్ట్ తీయించావా?” అని అడిగాను. “అదేంటి?” అన్నాడు.

అందుకే ఈ వీడియో. ఓవర్‌రెవ్ అంటే ఇంజిన్ తన హద్దు దాటి తిరగడం. అలా ఎప్పుడెప్పుడు తిరిగిందో బండి కంప్యూటర్ నుంచి తీసేదే ఈ రిపోర్ట్.

[దృశ్యం: గేర్ రాడ్ మీద చెయ్యి. మూడు నుంచి నాలుగుకి, మళ్లీ మూడు నుంచి రెండుకి.]

ఇంజిన్ హద్దు దాటి తిరగడానికి రెండు దారులున్నాయి. ఒకటి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం. అప్పుడు లిమిటర్, అంటే హద్దు దగ్గర పెట్రోల్ ఆపేసే ఏర్పాటు, అడ్డుపడి ఇంజిన్ వేగం ఇంకా పెరగకుండా ఆపుతుంది. దానివల్ల పెద్దగా భయం లేదు. రెండోది, తప్పు గేర్. మూడు నుంచి నాలుగు వేయబోయి రెండు వేశారనుకోండి. అప్పుడు ఇంజిన్‌ని తిప్పేది చక్రాలు. పెట్రోల్ ఆపేసినా లిమిటర్ చేయగలిగింది ఏమీ లేదు.

లెక్క చూద్దాం. ఈ 997 కరెరాలో మూడో గేర్ రేషియో 1.61, రెండోది 2.32. మూడులో 7,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 7,000 చుట్ల మీద ఉన్న బండి అదే వేగంతో రెండులో పడితే ఇంజిన్ 10,000 దగ్గరికి పోతుంది. లోపలి భాగాల మీద పడే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది దాదాపు రెండింతలవుతుంది. వాల్వ్ స్ప్రింగులు ఆ వేగాన్ని అందుకోలేవు. వాల్వ్ మూసుకోకముందే పిస్టన్ పైకొచ్చి తగలవచ్చు. కనెక్టింగ్ రాడ్ బోల్టులు సాగవచ్చు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఏంటంటే, ఆ రోజు బండి మామూలుగానే ఇంటికి రావచ్చు. సాగిన బోల్టు తర్వాతెప్పుడో తెగుతుంది, అప్పటికి బండి మీ చేతిలో ఉంటుంది.

[దృశ్యం: ల్యాప్‌టాప్ తెర. ఆరు వరుసల పట్టిక.]

పోర్షే ఇంజిన్ కంప్యూటర్ ఇదంతా రాసి పెట్టుకుంటుంది. హద్దు దాటిన వేగాన్ని మెట్లుగా విడగొట్టి రాస్తుంది, ఒక్కో మెట్టు ఒక రేంజ్. 997కి ముందు తరమైన 996లో రెండు రేంజ్‌లు, 997 నుంచి ఆరు. రేంజ్ నంబర్ పెరిగేకొద్దీ వేగం ఎక్కువ. ఒకటి, రెండు, మూడు రేంజ్‌లలో వందలు, వేలు కనిపించినా కంగారు పడకండి. అవి ఎక్కువగా లిమిటర్ దగ్గరివే. నాలుగు, ఐదు, ఆరు మాత్రం తప్పు గేర్ కథ చెబుతాయి.

రేంజ్ పక్కన కనిపించే అంకె ఎన్నిసార్లు తప్పు జరిగిందో చెప్పదు. అది ఇగ్నిషన్ల లెక్క, అంటే సిలిండర్లలో ఎన్నిసార్లు స్పార్క్ వంతు వచ్చిందో. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే మూడు ఇగ్నిషన్లు. 8,000 ఆర్‌పీఎంలో సెకనుకి 400. కాబట్టి “40” అని కనిపిస్తే అది సెకనులో పదో వంతు.

పక్కనే ఇంకో అంకె ఉంటుంది. చివరిసారి అది జరిగినప్పుడు ఇంజిన్ ఎన్ని గంటలు నడిచి ఉందో చెప్పేది. నా దృష్టిలో రిపోర్ట్ మొత్తానికీ ప్రాణం ఇదే.

తమ్ముడి బండి రిపోర్ట్ నిన్న రాత్రి వచ్చింది. మొత్తం 1,550 గంటలు, 62,000 కిలోమీటర్లు. నాలుగో రేంజ్‌లో 40 ఇగ్నిషన్లు, 410 గంటల దగ్గర. ఐదు, ఆరు సున్నా. అంటే ఆ తప్పు తర్వాత ఇంజిన్ ఇంకో 1,140 గంటలు నడిచింది. దెబ్బ తగిలి ఉంటే ఈపాటికి బయటపడే అవకాశం ఎక్కువ. అదే 40 పక్కన 1,545 గంటలని ఉండి ఉంటే నేను వద్దనేవాణ్ణి. అమ్మేవాడు ఎంత తగ్గించినా సరే.

ఇంకో మేలు కూడా ఉంది. 62,000ని 1,550తో భాగిస్తే గంటకి 40 కిలోమీటర్ల సగటు. నమ్మదగ్గ లెక్క. అదే 62,000 కిలోమీటర్లకి 300 గంటలే చూపిస్తే సగటు 200 దాటుతుంది. అలా ఎవరూ నడపలేరు. కంప్యూటర్ మార్చారేమో అడగాలి, ఎందుకంటే అప్పుడు పాత ఓవర్‌రెవ్ లెక్క కూడా పోయినట్టే. సగటు మరీ తక్కువొస్తే మీటర్ వెనక్కి తిప్పారేమో చూడండి.

[దృశ్యం: ఓబీడీ సాకెట్‌లో కేబుల్ పెడుతున్న చెయ్యి.]

మామూలు స్కానర్‌తో ఇది రాదు. పోర్షే కంపెనీ వాళ్ల స్కానర్ పీవిస్ గానీ, బయట దొరికే డ్యూరామెట్రిక్ గానీ కావాలి. పీడీకే, అంటే పోర్షే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బండి అయితే ఈ టెన్షన్ బాగా తక్కువ. అంత కింది గేర్ అడిగినా కంప్యూటర్ వేయదు.

“రిపోర్ట్ ఎందుకండీ, బండి చూస్తే తెలియట్లేదా?” అనే ఓనర్లు ఉంటారు. మర్యాదగా ఇంకోసారి అడగండి. అప్పటికీ కేబుల్ పెట్టనివ్వకపోతే లేచి వచ్చేయండి. తమ్ముడితోనూ ఇదే చెప్పాను.

మన ఒడిశావాళ్లకి ఒక మాట. ఆంధ్ర నంబర్ బండిని ఇక్కడికి మార్చుకోవాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ రోడ్ ట్యాక్స్ కట్టాలి. బేరం ఆడే ముందే ఆ ఖర్చు కలుపుకోండి.

[దృశ్యం: లీక్‌డౌన్ గేజ్, గాలి పైపు.]

రిపోర్ట్ బాగుంది కదా అని అక్కడితో వదల్లేదు. నాలుగో రేంజ్‌లో అంకె ఉంది కాబట్టి లీక్‌డౌన్ టెస్ట్ అడిగాం. ఒక్కో సిలిండర్‌లోకి గాలి పట్టించి ఎంత శాతం కారిపోతోందో చూస్తారు. వాల్వ్ వంగి ఉంటే ఆ సిలిండర్ ఒక్కటే మిగతావాటికంటే బాగా ఎక్కువ కారుస్తుంది. ఓనర్ ఒప్పుకున్నాడు. ఆదివారం తెల్లవారుజామునే ఇచ్ఛాపురం మీదుగా బయలుదేరుతున్నాం. ఆరు సిలిండర్ల గేజ్ రీడింగులూ కెమెరాలోనే తీసి మీకు చూపిస్తాను.