రాయి మీద ఎవరి పేరు ముందు?

హోస్ట్: నమస్కారం మాస్టారూ. చిన్న ఊళ్లో సైన్యంలో పనిచేసినవాళ్లకి స్మారకం కట్టాలనుకున్నారు. పేచీ ఎక్కడ మొదలవుతుందంటారు?

మాస్టారు: అందరూ చందాల దగ్గరనుకుంటారు. కాదమ్మా, పేర్ల దగ్గర. చనిపోయినవాళ్లవేనా, పనిచేసి ఇంటికొచ్చినవాళ్లవీ పెట్టాలా? యుద్ధంలో పోయినవాళ్ల జాబితా అయితే ఎక్కడో ఆగుతుంది. మాజీ సైనికులది ఆగదు, రిటైరై వస్తూనే ఉంటారు కదా.

హోస్ట్: అయితే రాయి మీద ఖాళీ వదలాలి.

మాస్టారు: ఖాళీ ఒక్కటే చాలదు. అక్షరక్రమంలో చెక్కించేశావనుకో. మర్నాడు 'అ'తో పేరున్నాయన వస్తాడు. ఎక్కడ ఇరికిస్తావ్?

హోస్ట్: (నవ్వు) పాపం, చివర్లోనే!

మాస్టారు: పోనీ హోదాలవారీగా అంటావా, సిపాయి ఎప్పుడూ అట్టడుగునే. వాషింగ్టన్‌లో వియత్నాం స్మారకం చూడు, 1982లో కట్టింది. డిజైన్ చేసేనాటికి మాయా లిన్ యేల్ యూనివర్సిటీలో చదువుకుంటోంది. నల్ల గ్రానైట్ మీద 58 వేలకు పైగా పేర్లు. హోదా ఊసే లేదు, తేదీల వరుసలో చెక్కారు. ఒకే పోరులో పోయినవాళ్లు పక్కపక్కనే ఉంటారు.

హోస్ట్: మరి మనవాడి పేరు దొరికేదెలా?

మాస్టారు: అక్కడే పేర్ల పుస్తకం ఉంటుంది. ఏ పలక, ఏ వరుస అన్నది అందులో చూసుకోవాలి. ఇంకో సంగతి. ప్రతి పేరు దగ్గరా చిన్న గుర్తు ఉంటుంది. మరణం ఖాయమైతే డైమండ్, ఆచూకీ లేకపోతే ప్లస్. తర్వాతెప్పుడో అవశేషాలు దొరికితే ఆ ప్లస్ మీదే డైమండ్ చెక్కుతారు. బతికి తిరిగొస్తే చుట్టూ సున్నా చుట్టాలనీ అనుకున్నారు.

హోస్ట్: చుట్టారా ఎప్పుడైనా?

మాస్టారు: లేదమ్మా.

హోస్ట్: అసలు పేరే దక్కనివాళ్లూ ఉన్నారు కదా.

మాస్టారు: ఎందుకు లేరు! ఇరాక్‌లో బస్రా స్మారకం. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో పోయి, సమాధి తెలియని 40 వేలకు పైగా సైనికుల కోసం కట్టింది. బ్రిటిష్ సైనికులకి పేర్లు పెట్టారు. భారతీయుల్లో అధికారులకే పేర్లు. మామూలు సిపాయిలు రెజిమెంట్ కింద ఒక అంకె, అంతే. అందరినీ ఒకేలా చూడాలన్నది దాన్ని కట్టించిన యుద్ధ సమాధుల కమిషన్ పెట్టుకున్న సూత్రమే మళ్లీ! 2021లో క్షమాపణ చెప్పింది.

హోస్ట్: నూరేళ్లకి!

మాస్టారు: ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ఆ తేడా లేదు. ఒక్కొక్కరికి ఒక్కో గ్రానైట్ పలక. చిన్న ఊరికి నేనైతే అదే నయమంటాను. కొత్త పేరొస్తే కొత్త పలక బిగిస్తే సరి, పాత రాయి జోలికి పోనక్కర్లేదు. కాకపోతే చెక్కించేముందు జాబితా కాగితం మీద రాసి, అందరికీ కనబడేచోట కొన్ని వారాలుంచాలి. ఇంటిపేరులో తప్పుంటే ఇంటివాళ్లే పట్టుకుంటారు. రాయి మీద దిద్దడం మాటలు కాదు. ఆవిష్కరించినవారి పేరు మాత్రం సిపాయి పేరు కన్నా పెద్దక్షరాల్లో వద్దు. నీకు తెలుసుగా ఆ జబ్బు!

హోస్ట్: (నవ్వు) తెలీకపోవడమేంటి. పక్కన ఓ పాత ఫిరంగి పెడదామంటారు కొందరు. పెట్టొచ్చా?

మాస్టారు: పెట్టుకోమను. పిల్లలు ఎక్కి ఆడతారు, పెద్దలు దిగమని అరుస్తారు. ఆ డబ్బుతో ఇంకో పాతిక పలకలొస్తాయేమో లెక్క చూసుకోమను ముందు.