కంచెకు గండి పడినా మందు లోపలికి పోదు

సభకు నమస్కారం.

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించని ఒక మత్స్యకారుడికి ఈ మధ్య వెన్ను నుంచి నీరు తీయవలసి వచ్చినప్పుడు, ఆయన భార్య "నడుంలో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయంట గదా బాబూ?" అని అడిగింది. విశాఖలో ఈ ప్రశ్న వినని నరాల వైద్యుడు ఉండడు. సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన, నడుము ఎముకల మధ్య సందులోనికి. మనలో ఉండే ఆ ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు. శరీరం గంటకు 20 మిల్లీలీటర్ల చొప్పున దాన్ని తిరిగి తయారు చేసుకుంటూనే ఉంటుంది.

గొట్టంలోకి చుక్కలు చుక్కలుగా దిగే ఆ నీరు మంచినీళ్లంత తేటగా ఉంటుంది. అందులో మేము చూసేవాటిలో ఒకటి అల్బుమిన్. ఇది కాలేయంలో తయారయ్యే మాంసకృత్తి, మెదడు దీన్ని తయారు చేయదు. కనుక వెన్నునీటిలో ఇది పెరిగిందంటే రక్తానికీ ఆ ద్రవానికీ మధ్య ఉన్న కంచె సడలిందని అనుమానించాలి. కండరాలను కదిలించే చాలక నాడీకణాలు క్రమంగా చనిపోయే మోటార్ న్యూరాన్ వ్యాధి ఉన్నవారిలో కొందరికే ఇది పెరుగుతుంది కాబట్టి, ఈ ఒక్క పరీక్షతో ఆ వ్యాధిని నిర్ధారించలేము.

ఇటువంటి కంచె ఉందన్న సంగతి రంగుల వల్ల తెలిసింది. 1885లో పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి ఎక్కించిన రంగు ఒళ్లంతా పాకినా మెదడుకు అంటలేదు. 1913లో గోల్డ్‌మన్ రంగును వెన్నునీటిలోకే ఎక్కించగా మెదడు రంగు తేలింది, మిగిలిన ఒళ్లు తెల్లగా ఉండిపోయింది. మెదడులోను, వెన్నుపాములోను రక్తకేశనాళికల గోడ కణాలు సందు లేకుండా అతుక్కుని ఉండడం ఒక కంచె. వెన్నునీటిని స్రవించే కోరాయిడ్ ప్లెక్సస్ పైపొర మరొకటి.

కొన్ని కుటుంబాల్లో ఈ వ్యాధిని వంశపారంపర్యంగా తెచ్చే మానవ ఎస్‌ఓడీ1 జన్యుదోషాన్ని చొప్పించిన ఎలుకల్లో, చాలక నాడీకణాలు చావకముందే వెన్నుపాములో సూక్ష్మ రక్తస్రావాలు కనిపించాయని 2008లో తేలింది. ఈ వ్యాధితో మరణించినవారి వెన్నుపాములో కూడా హిమోగ్లోబిన్, ఫైబ్రిన్ వంటి రక్తపదార్థాలు నాళాల బయట కనిపించాయి. హిమోగ్లోబిన్ విచ్ఛిన్నమైతే విడుదలయ్యే ఇనుము నాడీకణాలకు విషం. అయినా గండి పడడమే వ్యాధికి మూలమని నేను చెప్పను. మరణానంతర పరీక్ష చివరి రోజునే చూపిస్తుంది, మొదటి రోజును కాదు.

కంచె సడలితే మందు సులువుగా లోపలికి పోతుందనుకోవడం మాత్రం పొరపాటు. రేవు ప్రహరీ వెనక వైపు కూలినా, ముందు గేటు దగ్గర కాపలాను రెట్టింపు చేసి పాసున్న లారీని సైతం తిప్పి పంపినట్టుగా ఉంటుంది ఇక్కడి పరిస్థితి. కేశనాళికల గోడలో పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు ఉంది. వ్యాధి ముదిరిన ఎలుకల్లో దాని పని పెరిగి, ఈ వ్యాధికి 1995 నుంచి వాడుకలో ఉన్న రిలుజోల్ అనే మందును కూడా బయటికి నెట్టేస్తుంది. 2019లో ప్రచురితమైన టొరంటో ప్రయోగంలో నలుగురు రోగులకు శబ్దతరంగాలతో ఈ కంచెను కొద్దిసేపు తెరిచి చూశారు. అది భద్రత కోసం చేసిన తొలి అడుగు మాత్రమే.

2023లో అమెరికాలో అనుమతి పొందిన టోఫర్సెన్ అనే మందు ఈ కంచెను దాటే ప్రయత్నమే చేయదు. దాన్ని నడుము సందులోంచి నేరుగా వెన్నునీటిలోకి ఎక్కిస్తారు. మొదటి మూడు మోతాదులు రెండేసి వారాల ఎడంతో, ఆ తర్వాత 28 రోజులకొకటి. అయితే అది ఎస్‌ఓడీ1 దోషం ఉన్నవారికే, అంటే రోగుల్లో దాదాపు నూటికి ఇద్దరికే పనికొస్తుంది. అందుకే ఆవిడ ప్రశ్నకు జవాబు చెప్పాక, నేను తిరిగి అడిగిన మొదటి మాట, "మీ ఆయన వాళ్లింట్లో ఇంకెవరికైనా ఇలా చేతులు సన్నబడ్డాయా అమ్మా?" అని.